లాక్టోఫెర్రిన్: ఇనుమును పంచేది కాదు, పట్టి ఉంచేది

చిత్తూరు జిల్లాలో ఏ పల్లెలోని పాల కేంద్రానికి వెళ్లినా పాల ధర తేల్చేది రెండు అంకెలే. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఎంత. ఎస్‌ఎన్‌ఎఫ్ అనే ఆ ఒక్క అంకెలో లాక్టోజ్, ఖనిజాలు, ప్రోటీన్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. లీటరు ఆవుపాలలో ప్రోటీన్లు సుమారు 32 గ్రాములు. అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. మిగిలినవి పాలు విరిగినప్పుడు వేరుపడే విరుగుడు నీళ్లలో ఉండే రకం. వాటిలోనూ బాగా కింది వరసలో, లీటరుకు 0.02 నుంచి 0.2 గ్రాముల దాకా మాత్రమే ఉండేది లాక్టోఫెర్రిన్. పాల కేంద్రంలోని మిషన్‌కు అది విడిగా కనబడదు, దాని పేరు మీద రైతుకు ఒక్క పైసా ఎక్కువ రాదు.

అదే ప్రోటీన్ తిరుపతి మెడికల్ షాపుల్లో రక్తహీనత మందుల స్ట్రిప్పుల మీద, ఇమ్యూనిటీ పెంచుతామనే పొడుల మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇనుముతో ముడిపడిన ప్రోటీన్ కాబట్టి ఒంటికి ఇనుము ఎక్కిస్తుందని చాలామంది లెక్క. ఆ ప్రోటీన్ నిర్మాణాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. లాక్టోఫెర్రిన్ బలమంతా అది ఖాళీగా ఉండటంలో ఉంది.

రెండు లోబ్‌లు, రెండు ఇనుము అయాన్లు

పాలలో ఎర్రటి రంగున్న ప్రోటీన్ ఒకటి ఉందని 1939లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సన్ దంపతులు గుర్తించారు. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ స్కేలును 1909లో ప్రతిపాదించిన సోరెన్సన్ ఆయనే. లాక్టోఫెర్రిన్ ఇనుమును ఎప్పుడు వదులుతుందో తేల్చేది కూడా ఆ పీహెచ్ అంకే కావడం కాకతాళీయం. తల్లిపాల నుంచి, ఆవుపాల నుంచి దాన్ని శుద్ధిగా విడదీయడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. త్రిమితీయ నిర్మాణం 1987లో న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ బేకర్ బృందం ఎక్స్‌రే స్ఫటిక పద్ధతిలో బయటపెట్టింది. గేదె, గుర్రం పాల లాక్టోఫెర్రిన్ల నిర్మాణాలను ఢిల్లీ ఎయిమ్స్‌లో టి.పి. సింగ్ బృందం ఛేదించింది. పాడి మీద బతికే దేశంలో ఈ సంగతి తెలియాల్సినంతగా తెలియలేదు.

లాక్టోఫెర్రిన్ అంటే ఒకే ఒక పొడవాటి అమైనో ఆమ్లాల గొలుసు. మనిషిలో 691, ఆవులో 689 అమైనో ఆమ్లాలు. బరువు సుమారు 80 వేల డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం). ఈ గొలుసు రెండు ఉండలుగా ముడుచుకుంటుంది. మొదటి సగంతో ఏర్పడేది ఎన్-లోబ్, రెండో సగంతో ఏర్పడేది సి-లోబ్. రెంటినీ కలుపుతూ స్ప్రింగులా మూడు చుట్లు తిరిగిన చిన్న మెలిక (హెలిక్స్) ఉంటుంది. రెండు లోబ్‌ల అమైనో ఆమ్లాల వరసలను పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు 40 శాతం దాకా ఒకేలా ఉంటాయి. ఎప్పుడో పూర్వకాలంలో సగం పొడవున్న జన్యువు ఒకటి రెట్టింపై ఈ జంట పుట్టిందని శాస్త్రవేత్తలు చెప్పడానికి అదే ఆధారం.

ఒక్కో లోబ్ మళ్లీ రెండు భాగాలు, వాటినే డొమైన్లు అంటారు. వాటి మధ్య లోతైన చీలిక. ఇనుము కూర్చునేది అక్కడే, ఒక్కో చీలికలో ఒక్క అయాన్. దాన్ని పట్టుకునేవి నాలుగే అమైనో ఆమ్లాలు: రెండు టైరోసిన్లు, ఒక ఆస్పార్టిక్ ఆమ్లం, ఒక హిస్టిడిన్. ఈ నాలుగూ గొలుసులో పక్కపక్కన ఉండవు. మనిషి లాక్టోఫెర్రిన్ ఎన్-లోబ్‌లో వాటి స్థానాలు 60, 92, 192, 253. గొలుసు సరిగ్గా ముడుచుకుంటే తప్ప అవి ఒకచోట చేరవు. పాలు కాచినప్పుడు ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

ఫెర్రిక్ రూపంలోని ఇనుముకు ఆరు బంధాలు కావాలి. అమైనో ఆమ్లాలు నాలుగు ఇస్తే మిగిలిన రెండూ ఒక కార్బొనేట్ అయాన్ ఇస్తుంది. ముందుగా కార్బొనేట్ వచ్చి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పక్కన కుదురుకుంటుంది, ఆ తర్వాత ఇనుము చేరుతుంది. కార్బొనేట్ లేకపోతే ఇనుము గట్టిగా పట్టుబడదు. ఇనుము కూర్చోగానే విప్పి ఉన్న రెండు అరచేతులు మూసుకున్నట్టు రెండు డొమైన్లూ దగ్గరకు వస్తాయి. ఎన్-లోబ్‌లో ఒక డొమైన్ దాదాపు 53 డిగ్రీలు తిరుగుతుంది. చిన్నాచితకా కదలిక కాదిది. ప్రోటీన్ రూపమే మారిపోతుంది, అణువు మొత్తం బిగుసుకుంటుంది, జీర్ణ ఎంజైములు దాన్ని కోయడం కష్టమవుతుంది. సి-లోబ్ మాత్రం ఇనుము లేకపోయినా మూసుకునే ఉన్నట్టు స్ఫటికాల్లో కనిపించింది. ద్రావణంలో అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందని, స్ఫటికంలో మూసిన రూపం దొరికిందని దానికి వివరణ.

ఎర్ర రంగుకు కారణం కూడా ఆ చీలికలోనే ఉంది. టైరోసిన్‌కూ ఇనుముకూ మధ్య ఎలక్ట్రాన్ల మార్పిడి వల్ల 465 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం వైపు వెలుతురును ఆ బంధం పీల్చుకుంటుంది. మిగిలేది లేత ఎరుపు. ఇనుము తీసేస్తే ఆ రంగూ పోతుంది.

పట్టు ఎంత గట్టిది?

రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెర్రిన్ దీనికి దగ్గరి చుట్టం. రెంటి వరసల్లో 60 శాతం దాకా పోలిక ఉంది, ఇనుమును పట్టే నాలుగు అమైనో ఆమ్లాలూ అవే. పని మాత్రం వేరు. ట్రాన్స్‌ఫెర్రిన్ ఎముక మజ్జ దాకా వెళ్లి, కణం లోపల పీహెచ్ 5.5 దగ్గరకు పడగానే ఇనుమును దింపేయాలి. దానికోసం దాని ఎన్-లోబ్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి. ఆమ్లత్వం పెరగ్గానే రెంటికీ ధనావేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, చీలిక తెరుచుకుంటుంది. లాక్టోఫెర్రిన్‌లో ఆ ఏర్పాటు లేదు. పీహెచ్ 3, 4 మధ్యకు దిగేదాకా అది ఇనుమును వదలదు. చీము పట్టిన చోట, వాపు ఉన్న చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది. ట్రాన్స్‌ఫెర్రిన్ పట్టు సడలే అలాంటి చోట కూడా లాక్టోఫెర్రిన్ పట్టు నిలుస్తుంది. తెల్ల రక్తకణాల్లోని న్యూట్రోఫిల్స్ తమ రేణువుల్లో దీన్ని నింపుకుని, ఇన్ఫెక్షన్ ఉన్న చోట వదలడం వెనక ఉన్న తర్కం ఇదే. పేగుల్లో వాపు ఉందో లేదో చూడటానికి మలంలో లాక్టోఫెర్రిన్ పరీక్ష చేయిస్తారు. అక్కడ కొలిచేది తాగిన పాలలోది కాదు, న్యూట్రోఫిల్స్ వదిలిందే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 80 వేల బరువున్న ప్రోటీన్ పట్టగలిగింది 56 బరువున్న రెండు అయాన్లు, మొత్తం 112. అంటే గ్రాము లాక్టోఫెర్రిన్ నిండుగా పట్టినా ఇనుము 1.4 మిల్లీగ్రాములు. తల్లిపాలలో లీటరుకు ఒకటి రెండు గ్రాముల లాక్టోఫెర్రిన్ ఉంటుంది, ముర్రుపాలలో ఐదు గ్రాములు కూడా దాటుతుంది. అది లీటరుకు 1.4 నుంచి 7 మిల్లీగ్రాముల ఇనుమును పట్టగలదు. తల్లిపాలలో ఉండే మొత్తం ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు, అందులోనూ కొంతే దీనితో ఉంటుంది. కాబట్టి తల్లిపాల లాక్టోఫెర్రిన్‌లో పది వంతుల్లో తొమ్మిది వంతులకు పైగా ఖాళీ. బిడ్డకు ఇనుము మోసుకెళ్లడమే దాని పనైతే ఇంత ప్రోటీన్‌ను ఖాళీగా పంపడం అర్థం లేని ఖర్చు. ఈ ఒక్క లెక్క వేసుకుంటే ప్రకటనల్లో సగం పక్కన పెట్టేయొచ్చు.

ఖాళీ ప్రోటీన్ చేసే పని

సూక్ష్మజీవులకు ఇనుము కావాలి. ఈ.కోలై వంటివి ఇనుము లేకపోతే పెరగలేవు. ఖాళీ లాక్టోఫెర్రిన్ చుట్టుపక్కల ఉన్న ఇనుమునంతా పట్టేసి వాటి నోటికి అందకుండా చేస్తుంది. ప్రయోగశాలలో దీన్ని ముందే ఇనుముతో నింపి వేస్తే ఆ నిరోధం పోతుంది. ఈ సూత్రం మొదట తెలిసింది పాలలో కాదు, గుడ్డు తెల్లసొనలో. 1944లో షేడ్, కరోలైన్ అనే ఇద్దరు పచ్చి తెల్లసొన బ్యాక్టీరియాను ఆపడాన్ని గమనించి, ఇనుము కలిపితే అవి మళ్లీ పెరుగుతున్నాయని చూపించారు. అక్కడ పనిచేసేది ఇదే కుటుంబానికి చెందిన ఓవోట్రాన్స్‌ఫెర్రిన్. తల్లిపాలు తాగే పిల్లల పేగుల్లో ఎక్కువగా ఉండే బైఫిడో బ్యాక్టీరియాకు ఇనుము అవసరం తక్కువ కాబట్టి ఈ కరువు వాటిని అంతగా బాధించదు.

బ్యాక్టీరియా ఊరుకుంటుందా? ఈ.కోలై ఎంటరోబాక్టిన్ అనే చిన్న అణువును బయటకు వదులుతుంది. ఇనుము మీద దాని పట్టు లాక్టోఫెర్రిన్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. మెదడు పొరల వాపు తెచ్చే నైసీరియా ఇంకా తెలివైంది. తన పైపొర మీద లాక్టోఫెర్రిన్ కోసమే ప్రత్యేక గ్రాహకాలు పెట్టుకుని, దాని నుంచే ఇనుము లాక్కుంటుంది. ఇనుము కరువు పెట్టడం ఒక్కటే ఆయుధమైతే ఈ పోరులో లాక్టోఫెర్రిన్ ఎప్పుడో ఓడిపోయేది.

రెండో ఆయుధం దాని విద్యుదావేశం. పాల సహజ పీహెచ్ 6.6 దగ్గర మిగతా ప్రోటీన్లలో చాలావాటికి రుణావేశం ఉంటే దీనికి ధనావేశం. అది ముఖ్యంగా గొలుసు మొదట్లో గుమిగూడి ఉంటుంది. మనిషి లాక్టోఫెర్రిన్‌లో రెండో స్థానం నుంచి వరసగా నాలుగు ఆర్జినిన్లు. ఈ కొస ఈ.కోలై వంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడ్ అనే అణువుకు అతుక్కుని ఆ పొరను వదులు చేస్తుంది. కడుపులోని పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము ఆవు లాక్టోఫెర్రిన్‌ను కోసినప్పుడు 17 నుంచి 41 దాకా ఉన్న 25 అమైనో ఆమ్లాల ముక్క విడివడుతుంది. లాక్టోఫెర్రిసిన్ అనే ఈ ముక్క బ్యాక్టీరియాను చంపడంలో మొత్తం ప్రోటీన్ కంటే చురుకైనది. దీనికి ఇనుముతో సంబంధమే లేదు. తినే ప్రోటీన్ అరిగిపోయాక కూడా ఒక పని మిగిలి ఉండటం అరుదు. అందుకే పరిశోధకులు ఈ ముక్క మీద ఇంత మక్కువ చూపిస్తారు.

వట్టిపోయిన ఆవు పొదుగులో

గేదెల కంటే జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవుల మీదే ఎక్కువగా ఆధారపడే చిత్తూరు పాడిలో పొదుగువాపు పెద్ద దెబ్బ. పొదుగుకు వాపు వచ్చినప్పుడు పాలలో లాక్టోఫెర్రిన్ పెరుగుతుంది. అంతకంటే చాలా ఎక్కువగా పెరిగేది ఆవు వట్టిపోయే దశలో. చూడి ఆవుకు పాలు తీయడం ఆపగానే పొదుగులో మిగిలే ద్రవంలో ఇది మామూలు పాలకు అనేక రెట్లు చేరుతుంది.

ఇక్కడే కార్బొనేట్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది. పాలిచ్చే ఆవు పాలలో సిట్రేట్ దండిగా ఉంటుంది. సిట్రేట్ కూడా ఇనుమును పట్టుకునేదే, పైగా తాను పట్టిన ఇనుమును బ్యాక్టీరియాకు అందుబాటులో ఉంచుతుంది. సిట్రేట్ రాశి ఎక్కువగా ఉంటే లాక్టోఫెర్రిన్ ఉన్నా దాని నిరోధం సరిగా సాగదు. వట్టిపోయే దశలో సిట్రేట్ తగ్గుతుంది, బైకార్బొనేట్ పెరుగుతుంది, లాక్టోఫెర్రిన్ పెరుగుతుంది. మూడూ ఒకే వైపు. వట్టిపోయిన కొన్ని వారాలకు పొదుగులో ఈ.కోలై పెరగడం కష్టం కావడానికి ఇది ఒక కారణం. పాలు ఆపిన మొదటి రోజుల్లో, మళ్లీ ఈనడానికి ముందు రోజుల్లో ఈ రక్షణ పలచబడుతుంది. పాలు ఆపేటప్పుడు చనుకట్లలోకి మందు ట్యూబులు ఎక్కించే అలవాటు ఈ సందును పూడ్చడానికే. లాక్టోఫెర్రిన్ ఎంత ఉందన్నది సగం ప్రశ్నే, పక్కన సిట్రేట్ ఎంత, బైకార్బొనేట్ ఎంత అన్నది మిగతా సగం. ఆవుపాల లాక్టోఫెర్రిన్ గురించి రాసే ప్రచార వ్యాసాల్లో ఈ మిగతా సగం కనబడదు.

పుంగనూరు ఆవు పాల మహత్యం గురించి సోషల్ మీడియాలో తిరిగే పోస్టుల్లో లాక్టోఫెర్రిన్ పేరు కూడా దూరుతోంది. ఆ ఆవు పాలకు పేరొచ్చింది వెన్నశాతంతో. లాక్టోఫెర్రిన్ వెన్నలో ఉండదు, వెన్న తీసిన పాలలోనే ఉండిపోతుంది. ఫ్యాట్ చూసి దీన్ని అంచనా కట్టడం కుదరదు.

జున్ను, పనీర్, కాచిన పాలు

ఆవు ఈనిన మొదటి పూట పాలలో లాక్టోఫెర్రిన్ మామూలు పాల కంటే పది రెట్లు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. ఆ పాలలో బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద పెడితే జున్ను గడ్డకడుతుంది. అలా గడ్డకట్టడమే విరుగుడు రకం ప్రోటీన్లు వేడికి విప్పుకుని ఒకదానికొకటి అల్లుకున్నాయనడానికి గుర్తు. అందులో లాక్టోఫెర్రిన్ కూడా ఉంది. గొలుసు విప్పుకుంటే ముందు చెప్పిన ఆ నాలుగు అమైనో ఆమ్లాలూ చెల్లాచెదురవుతాయి, ఇనుమును పట్టే చీలిక మిగలదు. జున్ను రుచికి తినాల్సిందే. రోగనిరోధక శక్తి కోసం తింటున్నామనుకుంటే మాత్రం లాక్టోఫెర్రిన్ వైపు నుంచి దానికి మద్దతు లేదు.

వేడిని ఎంత తట్టుకుంటుందన్నది అది ఖాళీగా ఉందా, నిండి ఉందా అన్న దాని మీద ఆధారపడుతుంది. ఖాళీ రూపం 65 డిగ్రీల ప్రాంతంలోనే విప్పుకోవడం మొదలుపెడుతుంది. ఇనుము పట్టి బిగుసుకున్న రూపం 90 డిగ్రీల దాకా నిలబడుతుంది. డెయిరీలో 72 డిగ్రీల వద్ద 15 సెకన్ల పాశ్చరైజేషన్‌లో సమయం తక్కువ కాబట్టి చాలావరకు బతికే ఉంటుంది. ఇంటికొచ్చాక ప్యాకెట్ కత్తిరించి పాలు పొంగేదాకా కాస్తే చాలావరకు పోతుంది. అలాగని పచ్చిపాలు తాగమని చెప్పడం బాధ్యత లేని మాట. బ్రూసెల్లోసిస్, పశువుల క్షయ పచ్చిపాల ద్వారా మనుషులకు అంటుతాయి. లీటరుకు 0.1 గ్రాము ప్రోటీన్ కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవడం ఎవరికీ లాభం కాదు. తల్లిపాల బ్యాంకుల్లో 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసినప్పుడు కూడా సగానికి పైగా లాక్టోఫెర్రిన్ పోతుంది. నేరుగా తల్లి దగ్గర తాగే బిడ్డకే అది పూర్తి రూపంలో అందుతుంది. పసిబిడ్డ కడుపులో ఆమ్లం కూడా తక్కువ. అందుకే కొంత లాక్టోఫెర్రిన్ చెక్కుచెదరకుండా పేగుల దాకా చేరి, మలంలో కూడా కనిపిస్తుంది.

పారబోసే పనీర్ విరుగుడు నుంచి లాక్టోఫెర్రిన్ తీసి అమ్మొచ్చు కదా అన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. పనీర్ కోసం పాలను ముందు 90 డిగ్రీల దాకా కాచి, తర్వాత నిమ్మరసమో సిట్రిక్ యాసిడో పోస్తారు. ఆ వేడికి విప్పుకున్న లాక్టోఫెర్రిన్‌లో ఎక్కువ భాగం కేసీన్‌తో అల్లుకుని పనీర్‌లోకే వెళ్లిపోతుంది. విరుగుడులో తీయడానికి పనికొచ్చేది మిగలదు. పరిశ్రమలో దీన్ని తీసేది వెన్న తీసిన, ఎక్కువ వేడి తగలని పాల నుంచి, లేదా చీజ్ విరుగుడు నుంచి. ధనావేశం ఇక్కడ పనికొస్తుంది. రుణావేశమున్న రెజిన్ గుళికలు నింపిన గొట్టం గుండా పాలు పోనిస్తే లాక్టోఫెర్రిన్, లాక్టోపెరాక్సిడేజ్ వంటి కొన్నే అంటుకుంటాయి, మిగతావి జారిపోతాయి. తర్వాత ఉప్పునీటి గాఢత పెంచుతూ ఒక్కోదాన్నీ దింపుతారు. పదివేల లీటర్ల పాల నుంచి ఒక కిలో వస్తే గొప్పే. రెజిన్ దాటిన పాలను మళ్లీ మామూలుగా వాడుకోవచ్చు కాబట్టి ఒకేచోట లక్షల లీటర్ల చల్లటి పాలు చేరే డెయిరీకే ఇది గిట్టుబాటు. పాలు తక్కువైనా ప్రోటీన్ ఎక్కువ రాబట్టాలన్న ఆశ కొత్తది కాదు. మనిషి లాక్టోఫెర్రిన్ జన్యువుతో 1990లో నెదర్లాండ్స్‌లో హెర్మన్ అనే ఆంబోతును పుట్టించింది అందుకే.

స్ట్రిప్ మీది అంకెలు

మందుగా ఇది ఎంత పనికొస్తుంది? నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో రక్త ఇన్ఫెక్షన్లు తగ్గిస్తుందని 2009లో ఇటలీలో 472 మంది శిశువుల మీద జరిగిన ప్రయోగం చూపించింది. ఆవు లాక్టోఫెర్రిన్ ఇచ్చినవారిలో 5.9 శాతం, ఇవ్వనివారిలో 17.3 శాతం. చాలా ఆశ పుట్టించిన తేడా అది. 2019లో బ్రిటన్‌లో 2,200 మంది శిశువుల మీద చేసిన ఎల్ఫిన్ ప్రయోగంలో ఆ తేడా నిలవలేదు, 29 శాతానికి 31 శాతం. రెండింట్లో ఒకదాన్నే ఎత్తి చూపే ప్రచారాన్ని నమ్మాల్సిన పనిలేదు. సంఖ్య పెద్దదైన ప్రయోగానికే బరువు ఎక్కువ.

రక్తహీనత విషయం ఇంకాస్త చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 100 మిల్లీగ్రాముల లాక్టోఫెర్రిన్ మాత్ర నిండుగా ఇనుము పట్టి ఉన్నా అందులో ఇనుము 0.14 మిల్లీగ్రాములే. ప్రభుత్వం గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో 60 మిల్లీగ్రాములు. అయినా ఇటలీలో కొన్ని ప్రయోగాల్లో రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాముల లాక్టోఫెర్రిన్ తీసుకున్న గర్భిణులకు హిమోగ్లోబిన్ పెరిగింది. రోజుకు 0.28 మిల్లీగ్రాముల ఇనుముతో అది సాధ్యం కాదు కాబట్టి దారి వేరే ఉండాలి. పరిశోధకులు చెప్పే దారి వాపు గుండా వెళ్తుంది. ఒంట్లో వాపు ఉంటే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్ పెరిగి, కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువ విడుదల చేస్తుంది. హెప్సిడిన్ ఇనుమును పేగు కణాల్లో, కాలేయంలో బంధించేస్తుంది. లాక్టోఫెర్రిన్ ఆ వాపును తగ్గిస్తే, ఉన్న ఇనుమే రక్తంలోకి వస్తుందన్నది వాదన. అన్నిచోట్లా ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. పైగా నిల్వలే ఖాళీ అయినవారికి ఈ దారి చాలదు, బంధించి ఉన్న ఇనుమంటూ ఉంటేనే విడిపించేది. అందుకే కొన్ని కంపెనీలు లాక్టోఫెర్రిన్‌కు విడిగా ఇనుము కూడా కలుపుతాయి. స్ట్రిప్ కొనేటప్పుడు వెనక వైపు ఎలిమెంటల్ ఐరన్ (అసలు ఇనుము) ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి. ఆ వరస లేకపోతే అది ఐరన్ మాత్ర కాదు.

బలమని ఐరన్ మాత్రను గ్లాసు పాలతో మింగే అలవాటు ఇళ్లలో ఉంది. పాలలోని కాల్షియం, కేసీన్ ఇనుమును పేగుల్లో ఎక్కనివ్వవు. ఈ నేరం లాక్టోఫెర్రిన్‌ది కాదు. గ్లాసు పాలలో ఉన్న ఆ కాస్త లాక్టోఫెర్రిన్ మాత్రలోని 60 మిల్లీగ్రాముల ఇనుము ముందు లెక్కలోకే రాదు. మాత్రకూ పాలకూ, మాత్రకూ టీకీ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉంచి, మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుంటే సరిపోతుంది.